యేసోబు కోడిని కోయలేదు

చనిపోయిన మనిషి మీద నేను ఒక అబద్ధం చెప్పాను. ప్రార్థన ఇంట్లో, బైబిలు చేతిలో పట్టుకొని, అందరూ వింటుండగా చెప్పాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు పాస్టరుగా పనిచేశాను. పెళ్ళిళ్ళు చేశాను. సమాధుల దగ్గర ప్రార్థించాను. ఎంతోమంది నా ముందు మోకరించి తమ తప్పులు చెప్పుకొని ఏడిస్తే వాళ్ళ తలమీద చెయ్యి పెట్టాను. అలా చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఆ అబద్ధం నాలో గొంతులో ఇరుక్కున్న చేపముల్లులా కదిలేది. మింగలేకపోయాను. కక్కలేకపోయాను. నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమె నన్ను మంచివాడనే అనుకుంటూ పోయింది.

ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం రాయను. అంత ధైర్యం ఇంకా రాలేదు.

అవి నిజాం పాలన రోజులు. మాది కట్టంగూరు దగ్గర ఒక చిన్న పల్లె. మా బాపు పెద్దల ఇళ్ళల్లో వెట్టి చేసి, పిలిచినప్పుడల్లా పరుగెత్తి బతికినవాడు. మిషన్ బడిలో చదువుకోవడం వల్ల నేను ఆ పరుగు తప్పించుకున్నాను. చదువయ్యాక నన్ను ఉపదేశిగా మోత్కూరుకు అవతల ఉన్న ఒక ఊరికి పంపారు. పగలు పిల్లలకు అక్షరాలు నేర్పాలి, ఆదివారం పెద్దలకు వాక్యం చెప్పాలి. నాకు మీసాలు సరిగా రాకముందే ఆ వాడలో అందరూ నన్ను అయ్యగారూ అనేవారు. ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఈ సంగతి కూడా చెప్పాలి. దాచితే మిగతాది మీకు అర్థం కాదు.

యేసోబు ఆ సంఘంలోని మనిషి. పొడుగ్గా, కాస్త వంగి నడిచేవాడు. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే నిద్రపోయేవాడు. భార్య రత్నమ్మ మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి గట్టిగా ‘ఆమేన్’ అనేవాడు. పిల్లలు కిసుక్కున నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. వాళ్ళిద్దరికీ పిల్లలు లేరు. ఊరి బయట, ప్రార్థన ఇంటికి ఎదురుగా ఉన్న దిబ్బ కింద, అతని తండ్రి నాటి నుంచి దున్నుకుంటున్న రాళ్ళ చెలక ఒకటుంది. అందులో బావి తవ్వుతానన్నాడు. ఆ రాళ్ళల్లో నీళ్ళెక్కడివని వాడ అంతా ఎగతాళి చేసింది. మొగుడూ పెళ్ళాలు పట్టించుకోలేదు. అతను తవ్వితే ఆమె తట్ట మోసేది. రెండు ఎండాకాలాలు అలాగే గడిచాయి. అప్పుడు బండ తగిలింది.

బండ పగలగొట్టడానికి వడ్డెరవాళ్ళను పిలవాలి. ఆ ఊళ్ళో అలాంటి పనికి ముందు మైసమ్మకు కోడిని కోసేవారు. నువ్వూ కొయ్యమని చుట్టాలు యేసోబును తొందరపెట్టారు. అతను నా దగ్గరికి వచ్చి అడిగాడు. నేను వద్దన్నాను. అతను సరేనన్నాడు. ఇద్దరం ఆ గోతి ఒడ్డున మోకరించి ప్రార్థించాం.

వడ్డెరవాళ్ళు పని మొదలుపెట్టిన రోజు యేసోబు ఊళ్ళో లేడు. నాతో ఉన్నాడు. ప్రార్థన ఇంటికి తలుపు లేకపోతే, మోత్కూరులో వడ్రంగి దగ్గర చేయించాం. దాన్ని తేవడానికి ఇద్దరం తెల్లవారకముందే బయలుదేరాం. తిరిగి వచ్చేటప్పుడు తలుపును తలల మీద పెట్టుకొని ముందు నేను, వెనుక అతను నడిచాం. దారి పొడవునా అతను పాడుతూనే ఉన్నాడు. శ్రుతి లేదు, మాటలు సగం తప్పు. పొద్దు వాలుతుండగా ఊరు చేరి బావి దగ్గరికి వెళితే బండమీద నెత్తురు, ఈకలు కనిపించాయి. వడ్డెరవాళ్ళు తమ పద్ధతి ప్రకారం, తమ కోడినే తెచ్చుకొని కోశారు. యేసోబు ఒక్క క్షణం నిలబడి చూశాడు. తర్వాత కుండతో నీళ్ళు తెచ్చి కడిగాడు.

“వాళ్ళ పానం, వాళ్ళ భయం, అయ్యగారూ. మనమేమంటం?” అన్నాడు.

కడిగినా మరక పూర్తిగా పోలేదు.

నీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళు. ఆ వారం సంఘమంతా ఆ బావి దగ్గరే పాటలు పాడింది. ఆ సంగతి పోలీసు పటేలు చెవిన పడింది. ఆ ఊరికి అతని మాటే శాసనం. గుర్రం మీద వచ్చి, దిగకుండానే బావిలోకి చూశాడు. భలే తవ్వినవురా అన్నాడు. తర్వాత కొన్నాళ్ళకే ఆ చెలక ఎవరూ దున్నని పడావు భూమి అనీ, యేసోబుకు పట్టా లేదనీ తేల్చి తన పేరున రాయించుకున్నాడు. యేసోబు కాళ్ళమీద పడ్డాడు. పటేలు మనుషులు ఈడ్చి బయట వేశారు. అంతటితో ఆగినా బాగుండేది. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గాక, బావిని ఇంకా లోతు చెయ్యమని పటేలు యేసోబునే వెట్టికి పిలిపించాడు. తన బావిలోకి తానే వెట్టివాడిగా దిగాడు. మధ్యాహ్నం వేళ ఒక పక్క ఒడ్డు కూలింది. మట్టి తీసేసరికి అతని ప్రాణం పోయింది.

ప్రార్థన ఇంటి వెనుక పాతిపెట్టాం. ప్రార్థన నేనే చేశాను.

ఇక్కడ నేను చెప్పబోయేది వింతగా ఉంటుంది, కానీ జరిగింది. ఆ ఒడ్డు కూలిన చోట కొత్త ఊట పడింది. బావి నిండింది. జొన్న కూడా సరిగా పండని ఆ చెలకలో పటేలు వరి వేశాడు. చుట్టూ ఎర్రగా ఎండిన నేల. మధ్యలో ఆ ఒక్క మడి పచ్చగా, గాలికి ఊగుతూ ఉండేది. ప్రార్థన ఇంటి గుమ్మంలో నిలబడితే సూటిగా కనిపించేది. మేము పాడుతున్నంతసేపూ కనిపించేది. ఆ ఏడే పటేలు కొడుకు పెళ్ళి జరిగింది. ఏళ్ళ తరబడి మంచం పట్టిన పటేలు భార్య లేచి తిరిగింది. అతనికి ఒక్క జ్వరమైనా రాలేదు.

సంఘం పలచబడసాగింది. ఒకరోజు సంఘపెద్ద రాజయ్య అందరిలో లేచి నిలబడి అడిగేశాడు.

“అయ్యగారూ, తప్పుగనుకోకున్రి. దేవుని నమ్మినోడు బాయిల వడి సచ్చిండు. పానం దీసినోని పొలం పచ్చగున్నది. గిదేం న్యాయం? ఇగ మేం పిల్లలకేం జెప్పాలె?”

ఓర్చుకోవాలని చెప్పాను. ఓర్చుకుంటూనే ఉన్నామన్నట్టు చూశారు. నిజం చెప్పాలంటే, రాజయ్య అడిగిన ప్రశ్నే నేను రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. ఆ రోజు నాకు తెలియదని ఒక్క మాట అని, వాళ్ళతోపాటు కూర్చొని ఏడ్చి ఉంటే ఏమయ్యేది? ఎవరూ నన్ను కొట్టేవారు కాదు. కొందరు వెళ్ళిపోయేవారేమో. కానీ తెలియనివాణ్ణి అయ్యగారూ అని ఎందుకు పిలుస్తారు? పటేలుది పాపమని గట్టిగా అనాలంటే భయం. అంటే మర్నాడు నేనా ఊళ్ళో ఉండను. కొద్దిరోజుల్లో పెద్ద పాదిరిగారు సంఘాన్ని చూడటానికి వస్తున్నారు. ఖాళీ చాపలు ఆయనకు చూపించాలా? ఈ కారణాలన్నీ అప్పుడే నాకు ఇంత స్పష్టంగా తెలుసా, లేక ఇప్పుడు కూర్చొని పేర్చుకుంటున్నానా? రెండూ కావచ్చు.

ఆ తర్వాతి ఆదివారం దాచిన పాపం గురించి చెప్పాను. దేవుడు అన్యాయస్థుడు కాడు, ఎక్కడో మనమే ఏదో దాచి ఉంటాం అన్నాను. ఆ బావి బండమీద నెత్తురు మరక ఎవరూ చూడలేదా అన్నాను. అంతవరకే అందామనుకున్నాను. సూచనగా అని ఊరుకుందామనుకున్నాను.

రాజయ్య మళ్ళీ లేచాడు. “యేసోబు కోసిండా అయ్యగారూ? మీకు ఎర్కేనా?”

రత్నమ్మ ఆడవాళ్ళ వరుసలో ముందే కూర్చొని ఉంది. తల ఎత్తి నన్నే చూస్తోంది. ఆమె కళ్ళల్లో భయం లేదు. నేను ఏం చెబుతానో ఆమెకు తెలుసు, ఎందుకంటే నిజం ఏమిటో ఇద్దరికీ తెలుసు.

“కోశాడు. పోయేముందు నాతో ఒప్పుకున్నాడు” అన్నాను.

ఆ మాట తర్వాత ఆ గదిలో ఏం జరిగిందో నేను మరిచిపోలేను. వాళ్ళ ముఖాలు తేటపడ్డాయి. ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. దేవుడు న్యాయవంతుడే. యేసోబు తప్పు చేశాడు, శిక్ష పడింది. తాము చెయ్యలేదు, తమకు పడదు. అంతా ఒక లెక్కలోకి వచ్చేసింది. ఆ రోజు పాట ఎంత జోరుగా పాడారో! రత్నమ్మ ఒక్కతే పాడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె బడి అరుగు దగ్గరికి వచ్చింది. పిల్లలు ఇంకా రాలేదు. అరుగెక్కలేదు. కింద నిలబడే అడిగింది.

“అయ్యగారూ, గా దినం ఆయిన మీతోని మోత్కూరు వొయ్యిండు. దర్వాజ మోసుకొచ్చిన్రు ఇద్దరు. యాదికున్నదా, లేదా?”

“ఉంది.”

“మరి గట్లెందుకన్నరు?”

“సంఘం చెదిరిపోతోంది రత్నమ్మా. నువ్వు చూస్తున్నావు కదా. జర ఓపిక పట్టు. మెల్లగా నేనే సర్దుతాను.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడవడం లేదు, చెమట.

“పటేలు సంగతి దేవుడే సూస్కుంటడని ఊకున్న. మీ సంగతి నేను ఎవలకు జెప్పుకోవాలె?” అంది. “ఆయిన కోసిండని నన్ను గూడ ఒప్పుకోమంటున్రు. ఒప్పుకోకుంటె ప్రభువు బల్ల రొట్టె ఇయ్యరట. ఇయ్యకున్రి. మీరు నోరు దెర్సి నిజం జెప్పినదాంక నేను ప్రభువు బల్లకాడికి రాను. మీరు జెప్పిన్నాడు వస్త.”

వెళ్ళిపోయింది. ఆ రోజు తలుపు మోసిన సంగతి ఆమె ఇద్దరు ముగ్గురికి చెప్పుకుంది. వడ్డెరవాళ్ళు అప్పటికే పని ముగించుకొని ఎటో పోయారు, అందుకే విన్నవాళ్ళు వచ్చి నన్నే అడిగారు. కోడిని ఇంకో రోజు కోసి ఉంటాడన్నాను. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం కాపలా. వాళ్ళు నన్ను నమ్మారు. అయ్యగారు అబద్ధమెందుకు చెబుతారు?

ఆమె సంఘం మానలేదు. మానేస్తే బాగుండునని నేను కోరుకున్నాను. మానలేదు. ప్రతి ఆదివారం వచ్చేది. ఆడవాళ్ళు పక్కన చోటివ్వకపోతే గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చునేది. పాడేది. కళ్ళు మూసుకొని ప్రార్థించేది. ఏమని ప్రార్థించేదో! ప్రభువు శరీరానికి గుర్తుగా పంచే రొట్టె పళ్ళెం వెళ్ళేటప్పుడు తల వంచుకునేది. కొన్నేళ్ళకు ఆమె అన్న వచ్చి జడ్చర్ల తీసుకుపోయాడు. అతను అక్కడ రైలు స్టేషనులో హమాలీ. ఆమె ఊరు విడిచిన రోజు నాకు పండగలా అనిపించింది. ఇదీ నా ఒప్పుకోలులో భాగమే.

నాకేమైంది? ఏమీ కాలేదు. మంచే జరిగింది. చచ్చినవాడిదే తప్పని ఉపదేశి చెప్పాడని విని పటేలు సంతోషించాడు. బడికి అడ్డు చెప్పలేదు. పెద్ద పాదిరిగారి ముందు నన్ను పొగిడాడు. నిండిన చాపలు చూసి పాదిరిగారు మెచ్చుకొని పై చదువుకు పంపారు. పాస్టరునయ్యాను. మహబూబ్‌నగర్ వైపు కొన్ని సంఘాలు నా చేతికిచ్చారు. మంచి భార్య, ఆరోగ్యమైన పిల్లలు. దుష్టులు ఎందుకు వర్ధిల్లుతారని ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు నన్ను అడిగేవారు. నేను పటేళ్ళను, దొరలను మనసులో పెట్టుకొని జవాబు చెప్పేవాణ్ణి. ఆ వరుసలో నన్ను నేను నిలబెట్టుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో!

తర్వాత ఆ గందరగోళపు రోజులు వచ్చాయి. ఒకపక్క దొరల మీద తిరగబడ్డ సంగపోళ్ళు, ఒకపక్క నిజాం వైపు రజాకార్లు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి. జడ్చర్ల సంఘానికి చాలాకాలంగా పాస్టరు రాలేదని, ప్రభువు బల్ల ఇవ్వడానికి నన్ను పంపారు. స్టేషను వెనుక ఒక కిరాయి గది. నిండా కూలి జనం. వాక్యం చెబుతూ వెనుక వరుసలో ఆమెను చూశాను. జుట్టు నెరిసింది. మనిషి చిక్కిపోయింది. నన్ను చూసి ఆమె కదలలేదు.

రొట్టె పళ్ళెం వరుసలు దాటుతూ వెళ్ళింది. ఆమె దగ్గరికి రాగానే తల వంచుకుంది. పళ్ళెం పట్టుకున్న అక్కడి ఉపదేశి మామూలుగానే దాటిపోయాడు. నేను చూస్తుండటం గమనించి నా చెవిలో అన్నాడు. “రత్నమ్మ ఎప్పుడు దీస్కోదు అయ్యగారూ. ఎందుకంటె జెప్పది. మస్తు భక్తి గల మనిషి.”

అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. తీసుకుంటే అడిగేవాడు లేడు. అయినా ఇన్నేళ్ళూ తీసుకోలేదు. అన్న మాట మీద నిలబడింది.

నా కాళ్ళు నన్ను నడిపించాయి. పళ్ళెం అందుకొని ఆమె ముందుకు వెళ్ళి చాచాను. గదంతా మమ్మల్నే చూస్తోంది. ఆమె తల ఎత్తింది.

“జెప్పిన్రా అయ్యగారూ?”

నాకు మాత్రమే వినిపించేంత నెమ్మదిగా అడిగింది. నేను అప్పుడు లేదనవచ్చు. అక్కడే, ఆ కూలి జనం ముందు మోకాళ్ళమీద పడి అంతా చెప్పవచ్చు. దేవుడు అంతకంటే మంచి చోటు నాకు ఇంకెప్పుడు చూపిస్తాడు?

“చెప్పాను” అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. ఏం చూసిందో నాకు తెలియదు. కుడిచెయ్యి కొంగుకు తుడుచుకొని రొట్టె ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకుంది. నమలలేదు. అలాగే ఉంచుకొని ఏడ్చింది. భుజాలు అదిరిపోయేలా ఏడ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళకు కారణం తెలియకపోయినా వాళ్ళూ ఏడ్చారు.

కూడిక ముగిశాక ఇంటికి రమ్మంది. కాదనలేకపోయాను. జొన్నరొట్టె, పచ్చి పులుసు పెట్టింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చొని, చిన్నపిల్లలా ఒక్కొక్కటే అడిగింది.

“ఏమన్నరు అయ్యగారూ వాళ్ళు? రాజయ్య మామ ఏమన్నడు?”

“తప్పయిందన్నాడు.”

“ఏడ్సిండా?”

“ఏడ్చాడు.”

“పాపం,” అంది. “ముసలోడు.”

తిన్నాను. ఆ తిండి నాకు అరిగింది కూడా.

దారిలో నాకు నేను మాట ఇచ్చుకున్నాను. వెంటనే ఆ ఊరు వెళ్ళి, సంఘంలో నిలబడి చెప్పేస్తే ఆమెతో చెప్పింది నిజమైపోతుంది కదా అనుకున్నాను. ముందు వెనుకలు మారతాయి, అంతే. అప్పుడు దారులు బాగాలేవు, నిజమే. తర్వాత భారత సైన్యపు పటాలాలు వచ్చాయి, నిజాం పాలన పోయింది, దారులు తెరుచుకున్నాయి. నేను వెళ్ళలేదు. ఈస్టరు కానీ అన్నాను. వానలు తగ్గనీ అన్నాను. అలా అంటుండగానే రాజయ్య పోయాడని తెలిసింది. వాడలో సగం మంది బతుకుతెరువుకు చెదిరిపోయారన్నారు. ఇంకా సగం మంది ఉన్నారు. అయినా వెళ్ళలేదు.

రత్నమ్మ జ్వరంతో పోయింది. దవాఖానకు తీసుకెళ్ళేలోపే పోయిందట. జడ్చర్ల ఉపదేశి ఎప్పుడో కలిసినప్పుడు చెప్పాడు. పోయేదాకా ప్రతిసారీ రొట్టె తీసుకుందట. మా అయ్యగారు ఊరికి పోయి నా మొగని పేరు నిలబెట్టిండని వాడలో అందరికీ చెప్పుకునేదట. అతను నా చెయ్యి పట్టుకొని, “మీవంటోళ్ళు ఉండబట్టే సంఘం నిలబడ్డది” అన్నాడు. నేను చెయ్యి లాక్కోలేదు.

పటేలు సంగతి కూడా మీరు అడుగుతారు. అల్లర్ల కాలంలో హైదరాబాదు వెళ్ళి దాక్కున్నాడు. పటాలాలు వచ్చాక కాంగ్రెసు తెల్ల టోపీ పెట్టుకొని తిరిగొచ్చాడు. భూమి పోలేదు. పండు ముసలివాడై, కొడుకులు, మనుమలు చుట్టూ ఉండగా నిద్రలోనే పోయాడని విన్నాను.

ఒక్కోసారి నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నా అబద్ధం వల్లనే కదా ఆమె చివరి రోజులు శాంతిగా గడిచాయి, ఆ మాత్రం మేలైనా చేశాను కదా అని. కానీ ఆమె కోసం నేను అబద్ధమాడలేదు. గదంతా చూస్తోందని ఆడాను. మొదటిసారీ అందుకే, రెండోసారీ అందుకే. పటేలు ఆమె మొగుణ్ణి చంపాడు, ఆమె దేవుణ్ణి వదలలేదు. నేను ఆమెను గుమ్మం దగ్గర కూర్చోబెట్టాను, అప్పుడూ వదలలేదు. ఎలా నిలబడగలిగిందో అడిగి తెలుసుకోవాల్సింది. ఆమె వడ్డించిన తిండి తిన్న రోజైనా అడగాల్సింది. అడిగే ముఖం లేక తల వంచుకొని తిన్నాను.

దేవుడున్నాడని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. ఉన్నాడు కాబట్టే ఈ భయం. ఆమె ఆయన దగ్గర ఉంటే, ఈపాటికి నిజం తెలిసే ఉంటుంది. అక్కడ యేసోబే చెప్పి ఉంటాడు, మీ అయ్యగారు ఎక్కడా నోరు విప్పలేదని. అప్పుడు ఆమె ముఖం ఎలా మారిందో ఊహించుకోబోయి ఆగిపోతాను.

అందుకని అప్పుడు ఆ సంఘంలో నిలబడి చెప్పాల్సింది, ఇప్పుడు మీ ముందు చెబుతున్నాను. ఆ కోడిని కోసింది వడ్డెరవాళ్ళు. యేసోబు ఆ రోజు నాతో మోత్కూరులో ఉన్నాడు. చనిపోయే ముందు అతను నాతో ఏమీ ఒప్పుకోలేదు. ఒప్పుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సిన ఇద్దరూ లేరు, ఆ పని మీది కాదు. మీరు విన్నారు. ఈ మాట ఇక నా ఒక్కడి దగ్గరే లేదు.